దీవి చూడబోయిన ఎనిమిది చేతులు

రూతమ్మ పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక హోటలు మెట్ల మీద నిలబడి ఉంది. పొద్దున్నే వాన. వ్యాను తలుపు తెరిచి ఉంది. లోపల ఒక్క సీటే ఖాళీగా ఉంది. దాని పక్కన నరసమ్మ కూర్చుని ఉంది.

జమ్మలమడుగు సంతలో ఎదురుపడితే దారి మార్చుకుని పోయే మనుషులు వాళ్లిద్దరూ. ఏడేళ్ల కింద రూతమ్మ మొగుడు యోబును ఊరి వంకలో నరికి చంపారు. యోబు పెన్న ఏటికి ఇవతల ఫ్యాక్షను నడిపే బాలచెన్నారెడ్డి మనిషి. ఆ కేసులో యావజ్జీవం పడి కడప జైల్లో ఉన్నది నరసమ్మ ఒక్కగానొక్క కొడుకు దాసయ్య. అతను పెన్నకు అవతల ఆయన పగవాడైన ఎల్లారెడ్డికి జీపు డ్రైవరు. బోనులో నిలబడి వేలెత్తి దాసయ్యను చూపించింది రూతమ్మే.

ఇప్పుడు రెడ్లిద్దరూ రాజీ అయ్యారు. వాళ్లను కలిపింది దేవుడు కాదు, భయం. కొత్తగా లేచిన ఒక కాంట్రాక్టరు మండలంలో ఎనిమిది మంది ఎంపీటీసీలను గెలిపించుకున్నాడు. రెడ్లిద్దరి మనుషుల్నీ కలిపితే తొమ్మిది మంది. వాళ్లలో ఒకడైన ఎల్లారెడ్డి తమ్ముని కొడుకు మధుసూదన మండలాధ్యక్షుడు కావాలంటే తక్కిన ఎనిమిది చేతులూ లేవాలి. ఒక్క చెయ్యి అటు తిరిగినా కాంట్రాక్టరుదే మండలం. అందుకే చేతులెత్తే రోజు దాకా రూతమ్మ, నరసమ్మతో సహా ఆ ఎనిమిది మందినీ క్యాంపులో పెట్టారు. మొదట బెంగుళూరు, తర్వాత మద్రాసు, ఆఖరికి విమానమెక్కించి ఈ అండమాను దీవి. చుట్టూ సముద్రముంటే ఎవరూ దాటిపోలేరని బాలచెన్నారెడ్డి ఆలోచన. ఫోన్లన్నీ ముందే తీసేసుకున్నారు. ఒకే ఒక్క ఫోను ఆయన గుమాస్తా పద్మనాభయ్య మెడలో తాడుకు వేలాడుతూ ఉంటుంది.

"ఏటమ్మా, అలా నిలబడిపోనారు? బేగి ఎక్కండి. దీవంతా ఒక్కరోజులో తిప్పాల నేను," అన్నాడు వ్యాను డ్రైవరు అప్పలస్వామి. ముప్పై ఏళ్ల కింద శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి.

రూతమ్మ ఎక్కింది. నరసమ్మ కిటికీ వైపుకు ఇంకొంచెం జరిగింది. ఇద్దరి మధ్యా ఒక పసిబిడ్డను పడుకోబెట్టేంత చోటు మిగిలింది.

"ఎనిమిది," అని లెక్కపెట్టుకుని పద్మనాభయ్య ముందు సీట్లో కూర్చున్నాడు. ఎక్కినప్పుడొకసారి, దిగినప్పుడొకసారి లెక్కపెట్టడం ఆయనకు అలవాటైపోయింది.

"సామీ, గొర్రెల్ని గూడా ఇన్నిసార్లు లెక్కబెట్టర్యా," అంది వెనక నుంచి హసీనా. పుట్టిల్లు పులివెందుల. మొగుడు హుమాయున్‌కు ప్రొద్దుటూరులో బట్టల అంగడి. ఎంపీటీసీ పదవి ఆమెది, పెత్తనం ఆయనది. ఈ క్యాంపులోనే ఆమెకు మొదటిసారి నోరు విప్పే వీలు దొరికింది.

"గొర్రె తప్పిపోతే ఇంకోటి కొనుక్కోవచ్చమ్మీ. నువ్వు తప్పిపోతే నా తల పోతాది," అన్నాడు పద్మనాభయ్య. అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు.

దారి పొడుగునా ఒక పక్క కొబ్బరి చెట్లు, ఇంకో పక్క సముద్రం. వాన సముద్రం మీద ధారలు ధారలుగా పడుతూ ఉంది.

"సూడక్కా," అని హసీనా రూతమ్మ భుజం తట్టింది. "నీళ్లల్లో కురుస్తాంది వాన. ఈడేమన్నా నీళ్లు తక్కువైనాయా? ఒక్క గంట మా పులివెందల మింద కురిస్తే వీళ్ల సొమ్మేం బోయె?"

రూతమ్మకు నవ్వు వచ్చింది. పక్కకు తిరిగి చూస్తే నరసమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూ ఉంది. ఇద్దరి చూపులూ కలిశాయి. ఇద్దరూ నవ్వు ఆపేశారు. ఇంతకు ముందు రూతమ్మ ఆమెను అత్తా అని పిలిచేది. యోబుకు నరసమ్మ మేనత్త వరుస. రూతమ్మ పెండ్లిలో పసుపు బట్టలు తడపడానికి బావినీళ్లు మోసింది కూడా ఆమే.

ఛాథంలో పెద్ద కోత మిల్లు చూపించారు. ఇంటి దూలాల కంటే లావు మొద్దులు చూసి మగవాళ్లు నోళ్లు తెరిచారు. అక్కడి నుంచి జైలుకు తీసుకుపోయారు. స్వరాజ్యం కోసం కొట్లాడినవాళ్లను తెల్లవాళ్లు తెచ్చి పెట్టిన జైలు. ఇప్పుడది టిక్కెట్టు కొని చూసే చోటు. లోపల జనం ఫోటోలు దిగుతున్నారు.

జైలని తెలిసి నరసమ్మ వ్యాను దిగడానికి చాలాసేపు పట్టింది. దిగాక మాత్రం అందరికంటే ముందు నడిచింది.

గైడు హిందీలో చెబుతూ ఉంటే హసీనా తెలుగులో చెప్పింది. "ఒక్కో మనిషికి ఒక్కో గదంట. ఈ వరస ముందరభాగానికి ఆ వరస వీపు ఎదురంట. ఒకరి మొగం ఒకరికి కనపడకుండా కట్టినారంట. పక్క గదిలో సొంత తమ్ముడున్నా తెలిసేది కాదంట."

వినీ విననట్టు అందరూ పైకి, మిద్దె మీదికి వెళ్లారు. అక్కడి నుంచి సముద్రమంతా కనబడుతుందన్నారు. పద్మనాభయ్య లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. 

"ఏడు! ఏడే! కాంట్రాక్టరోళ్లు ఈడికి గూడా వచ్చినారా ఏంది?"

కిందికీ పైకీ పరుగులు పెట్టారు. చివరికి హసీనా వచ్చి చెప్పింది. "నరసమ్మ పెద్దమ్మ కింద ఒక గదిలో కూచోనుంది సామీ. లెయ్యమంటే లెయ్యదు. మాట్లాడదు."

"పడవ టైమైపోతాంది. రాస్ దీవికి పోవాల. ఎవరన్నా పోయి లేపండి," అన్నాడు పద్మనాభయ్య, ఎవరి ముఖమూ చూడకుండా. నరసమ్మ అక్కడ ఎందుకు కూర్చుందో అందరికీ తెలుసు.

"నేను పోతా," అంది రూతమ్మ.

అందరూ ఆమె వంక చూశారు. 

*

ఆ గది ఇరుకుగా, చల్లగా ఉంది. ఎదురుగోడకు పైన, మనిషికి అందని ఎత్తులో చిన్న కిటికీ. నరసమ్మ నేల మీద కొంగు పరిచి పడుకుని ఉంది. నిద్రపోవడం లేదు. కాళ్లు చాపి, చేతులు తల మీదికి చాపి, గోడ ఎంత దూరమో చూస్తూ ఉంది.

రూతమ్మ గడప దగ్గర నిలబడింది.

"నాకు సరిపోయింది," అంది నరసమ్మ, వచ్చింది ఎవరో చూడకుండానే. "మావోడు పొడుగు. వాడు కాళ్లు ముడుచుకోవాల్సిందే."

"కడపలో ఇట్లుండదంటత్తా. పెద్ద గదులంట. శానామంది ఒక్కచోట ఉంటారంట."

అత్తా అనే మాట వచ్చేసింది. వెనక్కు తీసుకునే వీలు లేదు.

నరసమ్మ లేచి కూర్చుంది. "నాకేం తెలుసు? పోయినప్పుడల్లా ఇనప జాలీకి ఇవతల నేను, అవతల వాడు. అటుపక్క పదిమంది, ఇటుపక్క పదిమంది, అందరూ అరుస్తాంటారు. సరిగా మాటే వినపడదు. వాడు పండుకునే చోటు ఎట్లుంటదో చూపియ్యండప్పా అని ఒక జవానును అడిగినా. నవ్వినాడు. ఈడ టిక్కెట్టు కొంటే చూపిస్తారని ఇయ్యాల తెలిసె." కిటికీ వైపు చేయి చూపింది. "నువ్వు నాకంటే ఎత్తు. దాంట్లోంచి ఏమన్నా కనపడతాదా చూడు."

రూతమ్మ గోడకు ఆనుకుని మునివేళ్ల మీద నిలబడింది. వేళ్లు కిటికీ చువ్వల దాకా అందలేదు.

"వాన కనపడతాంది. అంతే."

"వానన్నా కనపడతాందిలే."

 బయట ఎవరో పిల్లలు వరండాలో పరుగెత్తుతున్నారు.

"ఒక్కమాట అడగతా," అంది నరసమ్మ. "దేవుని ముందర చెప్పినట్టు చెప్పు. ఆపొద్దు వంకలో నా కొడుకును చూసినావా?"

ఆ పొద్దు రూతమ్మకు ఏం కనబడిందో ఆమెకు బాగా తెలుసు. వేరుశనగ చెట్లు పీకుతున్న చేను వదిలి అరుపు విని పరుగెత్తింది. వంకలోకి దిగేసరికి నలుగురైదుగురి వీపులు. ముఖాలకు తువ్వాళ్లు. యోబు కాళ్లు మాత్రం కదులుతున్నాయి. మరునాడు బాలచెన్నారెడ్డి ఇంటి వసారాలో పద్మనాభయ్య ఎదురుగా కూర్చుని నెమ్మదిగా, బడిపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "దాసయ్య ఉండాడు. తువ్వాల జారింది. నువ్వు చూసినావు. తెలిసిన మనిషి గదా, ఎట్లా గుర్తుపట్టవు?" చెప్పగా చెప్పగా ఆమెకే కనబడినట్టయింది. కోర్టులో వేలెత్తినప్పుడు దాసయ్య అరవలేదు. "అక్కా, నేను గాదు గదక్కా," అన్నాడు. సంతలో వంకాయల ధర అడిగినంత మెల్లగా అన్నాడు. తక్కిన సాక్షులంతా తర్వాత మాట మార్చారు. తక్కిన ముద్దాయిలంతా బయటికి వచ్చారు. రూతమ్మ మాట ఒక్కటే నిలిచింది. దాసయ్య ఒక్కడే మిగిలాడు.

"చూడలేదత్తా," అంది రూతమ్మ.

నరసమ్మ ఏడుస్తుందనుకుంది. చెంప మీద కొడుతుందనుకుంది. కొట్టినా బాగుండేది. నరసమ్మ మాత్రం నేల వైపే చూస్తూ ఉండిపోయింది.

"ఇన్నేండ్లు ఎందుకడగలేదత్తా? ఒక్కసారి వచ్చి నన్ను నిలదీసింటే..."

"అడిగితే నువ్వు చూసినానంటే?" అంది నరసమ్మ. "అప్పుడు నేనేం జేతు? నేను పోయినప్పుడల్లా వాడు నేను గాదు మా, నేను గాదు మా అంటాండె. నాకు తెలియదా నాయనా అంటాంటి. లోపల మాత్రం యోబు పెండ్లామే చూసినానంటే చూసిందేమో అనుకుంటాంటి. రెడ్డి చెప్తే చెయ్యని పిల్లోళ్లు యాడుండారు? జీపులో కూచోనుండె గదా, దిగి పోయినాడేమో అనుకుంటాంటి. కన్న కొడుకు మాట నమ్మలేదు మే నేను. ఏడేండ్లు నమ్మలేదు. దానికి నువ్వేం జేస్తావు?"

రూతమ్మ ఆమె పక్కన నేల మీద కూలబడింది.

"ఎల్లారెడ్డి ఏమన్నాడు మీకు?"

"నోర్మూసుకోనుండు, రాజీ అయినపొద్దు నీ కొడుకు బయట ఉంటాడు అన్యాడు. వాడు మూసుకోనే ఉండాడు. నేనూ మూసుకోనే ఉండా. మొన్న రాజీ అయింది. చేను గట్లు పంచుకున్యారు, బస్సులు పంచుకున్యారు, గనులు పంచుకున్యారు. నా కొడుకు మాట ఎవరన్నా ఎత్తినారా సామీ అని నిన్న పద్మనాభయ్యను అడిగినా. అది లిస్టులో లేదమ్మీ అన్యాడు." చీర చెరగుతో ముక్కు తుడుచుకుంది. "నీకు మొగుడు పోతే సీటు ఇచ్చినారు. నాకు కొడుకు పోతే ఇచ్చినారు. ఇద్దరమూ ఇమానమెక్కి వచ్చినాము, దీవి చూసేదానికి."

వరండాలో అప్పలస్వామి కేక వినిపించింది. "పడవ ఎల్లిపోతాదమ్మోయ్!"

నరసమ్మ గోడ పట్టుకుని లేవబోయింది. మోకాళ్లు పట్టుకున్నాయి. రూతమ్మ చెయ్యి ఇచ్చింది. పట్టుకోదేమో అనుకుంది. పట్టుకుంది.

*

పడవలో పద్మనాభయ్య "ఎనిమిది" అని గట్టిగా అని ఊపిరి పీల్చుకున్నాడు.

రాస్ దీవి చిన్నది. ఒకప్పుడు దొరలు కాపురమున్న చోటు. ఇప్పుడు కప్పులేని గోడలు, వాటిని పట్టుకుని పెరిగిన చెట్ల వేర్లు. జింకలు మనుషుల వెంట పడి బిస్కెట్ల కోసం చేతులు నాకుతున్నాయి. హసీనా నవ్వుతూ అరుస్తూ ఒక పొట్లం మొత్తం పంచిపెట్టింది. వాన తెరిపిచ్చింది.

చర్చి అని చూపించిన చోట కిటికీల రంధ్రాలు మాత్రమే ఉన్నాయి. రూతమ్మ అలవాటు కొద్దీ తల మీద కొంగు వేసుకుంది. ఏం ప్రార్థించాలో ఆమెకు తెలియలేదు. యోబు కోసం ఏడేళ్లు అడిగింది, కూతురు సువార్త కోసం అడిగింది. దాసయ్య కోసం ఒక్కసారి కూడా అడగలేదు.

పద్మనాభయ్య ఒక పడిపోయిన గోడ మీద కూర్చుని పెరుగన్నం డబ్బా విప్పి తింటున్నాడు. రూతమ్మ వెళ్లి ఆయన ఎదురుగా నిలబడింది.

"సామీ, నేను చెయ్యెత్తను."

ఆయన చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "దేనికి?"

"మధుసూదనకు. దాసయ్యది హైకోర్టులో అప్పీలుంది. నేను కోర్టులో అబద్ధం చెప్పినానని ఆడ పోయి చెప్తా. మంచి వకీలును పెట్టేది మన పెద్దాయన బాలచెన్నారెడ్డి పని. మాట ఇస్తేనే చెయ్యెత్తుతా."

"అబద్ధం సాక్ష్యమంటే నిన్నే లోపలేస్తారు తల్లీ."

"చూసొచ్చినా గదా సామీ, లోపల ఎట్లుంటదో."

పద్మనాభయ్య డబ్బా మూత పెట్టేశాడు. ఆయనకు కోపం రాలేదు. కోపం వచ్చినా రూతమ్మకు తేలికగా ఉండేది.

"ఆ పేరు చెప్పమని నాకు నువ్వే చెప్పినావు," అంది ఆమె. "దాసయ్యనే ఎందుకు చెప్పిచ్చినావు? ఆ పిల్లోడు నీకేం జేసినాడు?"

"నాకేం జేస్తాడు? ఎల్లారెడ్డి ఇంకొకని చేతికి జీపు ఇయ్యడు. వాడు లోపలుంటే ఆయప్ప ఇల్లు కదలలేడు. అప్పట్లో అందరూ అట్లే చేస్తాండ్రి రూతమ్మా. చంపినోన్ని వదిలి, అవసరమైనోని పేరు పెట్టేది. అటోళ్లు పెట్టినారు, మనం పెట్టినాము." ఆయన సముద్రం వైపు చూశాడు. "ఎంతమందికి చెప్పిచ్చినానో ఇప్పుడు నాకే గుర్తులేదు. గుర్తుండకపోతే మంచిదనుకున్నా."

"అయితే ఇప్పుడు తీపియ్యి."

"తీసేది నా చేతిలో ల్యా. ఎల్లారెడ్డి చేతిలో అసలుకే ల్యా. ఆ కేసు తిరగతోడితే, దాసయ్య గాకపోతే ఇంకెవరు అని అడుగుతారా లేదా?" గొంతు తగ్గించాడు. "ఆపొద్దు వంకలో కత్తి పట్టుకున్నోడు మధుసూదన. నువ్వు ఎవరికి చెయ్యెత్తాలని ఈడికి వచ్చినావో, వాడే."

 మూడు వారాల కిందట బెంగుళూరు హోటల్లో మధుసూదన రూతమ్మ చేతికి స్వీటు పెట్టె ఇచ్చి, కాళ్లకు దండం పెట్టబోయాడు. "అక్కా, నీ ఆశీర్వాదం కావాల," అన్నాడు. ఆమె ఆ స్వీటు తిన్నది. బాగుందని ఇంకొకటి కూడా తిన్నది.

"ఫోను చెయ్యి సామీ," అంది. "పెద్దాయనకు చెయ్యి."

"వద్దు తల్లీ. నాతో అన్నావు, సరిపోయింది. నేను వినలేదనుకుంటా. ఇంగెవరితో అనొద్దు."

"చెయ్యి. నువ్వు చెయ్యకుంటే పడవలో అందరి ముందర అరుస్తా."

 పద్మనాభయ్య మెడలోని ఫోను తీసి, గోడ చాటుకు పోయాడు. మాటలు వినబడలేదు. ఆయన వంగిన వీపు మాత్రమే కనబడింది. ఒకసారి తల ఎత్తాడు. "ఆ పిల్ల ఆడెందుకుంది?" అన్నాడు గట్టిగా. మళ్లీ తల దించాడు.

దూరంగా నరసమ్మ ఒక జింక పిల్లకు బిస్కెట్టు పెడుతూ ఉంది. రూతమ్మ గుమాస్తాతో మాట్లాడడం ఆమె చూసింది. ఎందుకు మాట్లాడిందో పోల్చుకున్నట్టుంది. చేతిలో బిస్కెట్టు అలాగే పట్టుకుని, ఇటువైపే చూస్తూ నిలబడింది. ఏడేళ్లలో ఆ ముఖంలో రూతమ్మ ఎన్నడూ చూడని ఆశ.

పద్మనాభయ్య తిరిగి వచ్చాడు. ఫోను ఆమె చేతిలో పెట్టాడు.

"నాకు తెలియదు తల్లీ," అన్నాడు. "ఎవరన్నా అడ్డం తిరగతారేమోనని ముందే చేసిపెట్టుకున్నారంట. ఆ యోబు మింద ఒట్టు, నాకిప్పుడే తెలిసింది."

రూతమ్మ ఫోను చెవికి పెట్టుకుంది. పెద్దాయన గొంతు కోసం కాచుకుంది.

"అమ్మా!"

సువార్త. ప్రొద్దుటూరు హాస్టల్లో ఉండి పంతులమ్మ చదువు చదువుతున్న రూతమ్మ కూతురు.

"యాడుండావే నువ్వు?"

"పెద్దరెడ్డోళ్ల ఇంట్లో మా. పొద్దున్నే హాస్టలుకు కారు పంపిచ్చినారు. నువ్వే రమ్మన్యావంట గదా? నీకు బాగలేదన్యారు, భయపడి వచ్చేసినా. బాగుండావా మా? ఈడ నన్ను బాగానే చూస్తాండారు. మధుసూదనన్న గూడా ఈడే ఉండాడు, నా పక్కనే." ఎవరో ఏదో చెప్పినట్టు ఆ పిల్ల కొంచెం ఆగింది. "నన్ను మళ్లా హాస్టలుకు ఎప్పుడు పంపియ్యాల్నో నువ్వే చెప్తావంట. అన్న అడగమంటాండాడు."

జింక పిల్ల నరసమ్మ చేతిలోని బిస్కెట్టు లాక్కుని పోయింది. ఆమె దాన్ని చూడలేదు. రూతమ్మ వైపే చూస్తూ ఉంది.

"చెప్పు మా," అంది సువార్త. "ఏం చెప్పమంటావు?"